ముందద్దం మీద రాయి దెబ్బ, అంచున నీటి చెమ్మ: ఇంట్లో ఎంతవరకు చేయొచ్చు, షాపుకు ఎప్పుడు పోవాలె

నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి నల్లగొండ తోవ పట్టినంక ముందర కంకర టిప్పరుంటే నేనిప్పుడు తొందరపడను, చాలా దూరంగా వెనకే ఉంట. ఈ బుద్ధి ఊరికే రాలేదు. మూడేళ్ల కింద ఇదే తోవల ఒక టిప్పరు వెనక టైర్ల సందులోంచి లేచిన రాయి నా బండి ముందద్దానికి టక్కుమని తగిలింది. ఆపి చూస్తే శనగగింజంత మచ్చ, దాని చుట్టూ వెంట్రుకల్లాంటి మూడు గీతలు. గింతదానికేమైతది అనుకుని వదిలేసిన. మే నెలల ఒకనాడు గడియారం సెంటర్ దగ్గర మిట్టమధ్యాహ్నం రెండు గంటలు బండి ఎండకు పెట్టి వచ్చి, ఎక్కుడెక్కుడే ఏసీ ఫుల్లు చేసి గాలిని అద్దం మీదికి తిప్పిన. నా కండ్లముందరే ఆ మూడు గీతల్లో ఒకటి పాములెక్క సాగి ఎడమ అంచు దాకా పోయింది. పెద్దగా చప్పుడు కూడా కాలేదు. వందల్లో పోయే పని వేలల్లో తేలింది.

ఆ తర్వాత నా బండికి, మా బామ్మర్ది బండికి, ఇంకో ఇద్దరు ముగ్గురు దోస్తుల బండ్లకు రాయి దెబ్బలు నేనే పూడ్చిన. ఒకటి చెడగొట్టిన కూడా. వానకాలంల అద్దం అంచులోంచి నీళ్లు దిగితే ఎక్కడ వెతకాలెనో కూడా అట్లనే తెలిసింది. అదంతా ఇక్కడ రాస్తున్న.

రాయి తగిలిన రోజే

బండి పక్కకు ఆపి చూడండి గానీ వేలితో రుద్దకండి. చేతి చెమట, జిడ్డు పగుల్లోకి పోతయి. పొడిగుడ్డతో పైపైన దుమ్ము దులిపి, పారదర్శకంగా ఉండే సెల్లోటేపు చిన్న ముక్క అతికించండి. ఆ రోజుకు వైద్యం అంతే. టేపు పగులును ఆపదు, లోపలికి పోయే దుమ్మునూ నీటినీ ఆపుతది. మన ఎర్రమట్టి దుమ్ము ఒక్కసారి ఆ సన్న గీతల్లోకి దిగిందంటే, తర్వాత ఎంత మంచి రెజిన్ (పగులును పూడ్చే పారదర్శక ద్రవం) పోసినా లోపల గోధుమరంగు గీత కనపడుతనే ఉంటది. అట్టపెట్టెలకు వేసే బ్రౌన్ టేపు మాత్రం వద్దు, ఎండకు దాని జిగురంతా అద్దానికే అంటుకుంటది.

రిపేరు చేసేదాకా ఆ అద్దాన్ని జర పదిలంగా చూసుకోవాలె. ఎండలో కాలిన అద్దం మీద బకెట్‌తో చన్నీళ్లు కుమ్మరించొద్దు. ఎండలోంచి వచ్చి ఎక్కినప్పుడు ముందు కిటికీలు దించి వేడి గాలిని పోనియ్యండి, ఏసీని తక్కువ మీద పెట్టి గాలి ముఖానికో కాళ్లకో తిప్పండి. కిటికీలన్నీ మూసి ఉన్నప్పుడు డోరు దబాలున వేయొద్దు. లోపలి గాలి ఒత్తిడి పోయి ముందద్దాన్నే నెడుతది.

ఇంకొకటి. కిరాణా షాపుల దొరికే క్విక్ గమ్ చుక్క వేసి "ఆగిపోయింది అన్నా" అనేటోళ్లు మీకూ తగులుతరు. వినకండి. అది పైపైనే గట్టిపడి పగులు మూతి మూసేస్తది, లోపల గాలి అట్లనే ఉంటది. ఆ తర్వాత అసలైన రెజిన్ పోయే దారే ఉండదు. నేను చెడగొట్టిన అద్దమని చెప్పిన కదా, అది ఇట్లనే. అంతకుముందే క్విక్ గమ్ పడిందని దోస్తు నాకు చెప్పలేదు, నేను చూసుకోలేదు.

పగిలింది ఒక్క పొరే

మీ బండి పక్కద్దాలు, ముందద్దం ఒక్క జాతివి కావు. పక్కవి టెంపర్డ్ గాజు, పగిలితే చిన్నచిన్న పలుకుల్లెక్క రాలిపోతయి. వాటికి రిపేరు లేదు, మార్చుడే. ముందద్దం రెండు గాజు పలకలు, నడుమ పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. ఆ పొర మందం మిల్లీమీటరులో ముప్పావు వంతు ఉంటది. రాయి తగిలితే మామూలుగా బయటి పలక ఒక్కటే పగులుతది. లోపలి పలకా, నడుమ పొరా అట్లనే ఉంటయి. మనం రిపేరు చేసేది ఆ బయటి పలకకే.

ఈ నడిమి పొర ఆలోచన కూడా ఒక పొరపాటులోంచే పుట్టింది. 1903లో ఫ్రాన్స్‌లో ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె కిందపడి పగిలింది గానీ ముక్కలు చెదిరిపోలేదు. అందులో ఒకప్పుడు పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ఎండి, లోపల పొరలాగ అంటుకుని ముక్కలను పట్టుకుంది. 1909లో ఆయన దానికి పేటెంట్ తీసుకున్నడు.

పగులు తెల్లగా మెరిసేది అందులో గాలి ఉండబట్టే. గాజులో వెలుగు వంగే తీరు వేరు, గాలిలో వేరు. వెలుగు ఎంత వంగుతదో చెప్పే కొలతను వక్రీభవన గుణకం అంటరు, గాజుకు అది సుమారు 1.52. రిపేరు రెజిన్‌ది దానికి దగ్గరగా ఉండేటట్టు తయారు చేస్తరు. గాలి పోయి ఆ జాగాల రెజిన్ నిండితే వెలుగుకు తేడా తెలియదు, మచ్చ మాయమైనట్టు కనిపిస్తది. చేసే పనంతా ఇదే: గాలిని బయటికి తీయడం, రెజిన్‌ను లోపలికి పంపడం. మధ్యల ఎక్కడన్న తోచకపోతే ఈ మాట యాదికి తెచ్చుకోండి, ఏం చేయాలెనో తెలుస్తది.

ఇది మీరు చేసే పనేనా?

రెండు రూపాయల బిళ్ళ తీసి మచ్చ మీద పెట్టండి. మచ్చ, దాని గీతలు అన్నీ బిళ్ళ కింద దాగితే ఇంట్లో చేసుకోవచ్చు. గుండ్రంగా ఎద్దు కన్నులెక్క ఉన్న దెబ్బ అన్నిటికంటే సులువు. అర్ధచంద్రంలాంటిది కూడా అంతే. చుట్టూ కాళ్లు సాగిన నక్షత్రం దెబ్బకు ఓపిక కావాలె. జానెడు సాగిన చీలికను ఇంటి కిట్‌తో చేద్దామని కూర్చోకండి.

లోపలివైపు నుంచి ఆ జాగాల గోరుతో గీకి చూడండి. నున్నగా ఉంటే సరే. గోరుకు గరుకు తగిలిందంటే లోపలి పలక కూడా పోయింది, మార్చుడే. దెబ్బ అద్దం అంచుకు రెండంగుళాల లోపల ఉన్నా వదిలేయండి. అంచు దగ్గర అద్దం మీద బిగువు ఎక్కువ, పూడ్చినా మళ్లీ సాగుతది.

డ్రైవరు కంటికి సూటిగా, స్టీరింగ్ వెనక వైపర్ తుడిచే జాగాల దెబ్బ ఉంటే నేను చేయను, మిమ్మల్నీ చేయమనను. ఎంత బాగా చేసినా చిన్న చుక్క మిగులుతది. రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీ లైటు దాని మీద పడి చీలితే తోవ కనపడదు. సెంటర్ మిర్రర్ వెనక కెమెరా ఉన్న కొత్త బండ్లలో ఆ కెమెరా ముందు దెబ్బ ఉన్నా ఇదే మాట. అది కంపెనీ షెడ్డు పని.

సామాను, పొద్దు

రిపేరు కిట్ ఆన్‌లైన్లో కొన్ని వందల్లో దొరుకుతది. రెండు రకాలు. ఒకటి జిగురు బిళ్ళ మీద చిన్న గొట్టం నిలబెట్టి సిరంజితో లాగి నొక్కేది. ఇంకొకటి రబ్బరు కప్పులతో అద్దానికి పట్టుకునే చట్రం, దాని నడుమ తిప్పే స్క్రూ గొట్టం. నాకు రెండోదే నచ్చింది, ఒత్తిడి చేతికి తెలుస్తది. రెజిన్ సీసా మీద గడువు తేదీ చూసుకోండి. ఇవిగాక ఒక పిన్నీసు, కొత్త బ్లేడు, మెడికల్ షాపుల దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగ, ముఖం చూసుకునే చిన్న అద్దం, చేతికి గ్లౌజులు, ఒక నల్ల గొడుగు.

గొడుగు ఎందుకంటే, ఈ రెజిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకే గట్టిపడుతది. మన దిక్కు ఎండాకాలం 45 డిగ్రీలకు పోయే ఎండ. రెజిన్ గీతల్లోకి పాకకముందే గొట్టంలనే బిగుసుకుంటది. అందుకే పొద్దుగాల ఆరు, ఆరున్నరకు నీడకు పెట్టి మొదలుపెట్టండి. అద్దం మీద అరచేయి పెడితే వెచ్చగా తగలొద్దు. చలికాలమైతే దీనికి ఉల్టా: పొద్దుగాల మంచు పడి అద్దం తడిసి ఉంటది, పూర్తిగా ఆరేదాకా ఆగాలె. వాన పడుతున్ననాడు అసలు వద్దు.

రిపేరు, ఒక్కొక్క మెట్టు

టేపు తీయండి. పిన్నీసు మొనతో దెబ్బ నడిమి గుంతలో వదులుగా ఉన్న గాజు పొడిని సుతారంగా కదిలించి తీయండి. గుంత మూతి తెరుచుకుంటే చాలు, తవ్వుడు కాదు. గాజు పొడి కంట్లో పడకుండా కళ్లజోడు పెట్టుకోండి. ఆ తర్వాత గుడ్డకు రెండు చుక్కల ఆల్కహాల్ అద్ది చుట్టూ తుడిచి పది నిమిషాలు వదిలేయండి. కొలిన్‌లాంటి స్ప్రేలు కొట్టకండి, సబ్బునీళ్లు లోపలికి పోతయి. వాన నీళ్లు ముందే పోయి ఉంటే లోపలివైపు నుంచి హెయిర్ డ్రయర్‌తో దూరం పెట్టి గోరువెచ్చగా కాసేపు ఆరబెట్టి, అద్దం మళ్లీ చల్లబడేదాకా ఆగండి. తడి మీద రెజిన్ పోస్తే లోపల పాలవిరుగుడు లెక్క తెల్లగా అయితది.

చట్రాన్ని బిగించండి. గొట్టం మూతి సరిగ్గా గుంత మీద కూర్చోవాలె. చాలామందికి పని చెడేది ఇక్కడే. బండి లోపలికి పోయి కూర్చుని చూస్తే మూతి నడుమనే ఉందా, పక్కకు జరిగిందా స్పష్టంగా కనపడుతది. మూతి రబ్బరు అద్దానికి ఆనుకుని కొంచెం నొక్కుకున్నట్టు ఉండాలె. మరీ బిగిస్తే పగులు మూసుకుపోతది, కొత్త కాలు సాగే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు గొడుగు పట్టించండి. మా ఇంట్ల ఈ డ్యూటీ బామ్మర్దిది. "బావా, పెండ్లికొడుక్కు పట్టినట్టు పడుతున్న" అని ప్రతిసారీ ఒకటే మాట. గొట్టంల మూడు నాలుగు చుక్కల రెజిన్ వేసి స్క్రూ మెల్లగా తిప్పండి. ఒత్తిడికి రెజిన్ లోపలికి దిగుతది. ఐదు నుంచి పది నిమిషాలు అట్లనే ఉంచి, స్క్రూ వెనక్కి విప్పండి. అప్పుడు లోపల ఇరుక్కున్న గాలి బుడగలై పైకి వస్తది. మళ్లీ తిప్పండి. ఇట్ల మూడు సార్లు, అవసరమైతే నాలుగు. సిరంజి రకం కిట్‌లో దీన్నే పిస్టన్ పైకి లాగి కాసేపు పట్టి, తర్వాత కిందికి నొక్కి చేస్తరు.

ప్రతి విడత తర్వాత లోపలికి పోయి చూడండి, లేదా చిన్న అద్దాన్ని వెనక పట్టండి. ఎద్దు కన్ను దెబ్బ అయితే నడుమ నుంచి నల్లని వలయం మెల్లమెల్లగా చిన్నగవుడు మీకే కనపడుతది. చూస్తుంటే భలే ఉంటది. నక్షత్రం కాళ్లు వెండి తీగల్లెక్క మెరుస్తుంటే ఇంకా గాలి ఉన్నట్టే. లోపలి నుంచి బొటనవేలితో ఆ కాలు కొస మీద మెల్లగా నొక్కి వదిలితే పగులు సూది మొనంత తెరుచుకుని రెజిన్ పాకుతది. బలం పెట్టకండి, అటు పక్క ఉన్నది గాజు. మెరుపు పోయి గీత మసకగా అయ్యేదాకా ఓపిక పట్టండి. నాకు ఒక్కో నక్షత్రం దెబ్బకు ముప్పావు గంట కంటే తక్కువ ఎప్పుడూ పట్టలేదు.

కాళ్లన్నీ నిండినంక చట్రం తీయండి. గుంత మీద ఇంకో చుక్క వేయండి. కిట్‌లో చిక్కటి రెజిన్ వేరుగా ఇస్తే అదే వాడండి. దాని మీద కిట్‌లో వచ్చిన పారదర్శక ప్లాస్టిక్ బిళ్ళ ఒక పక్క నుంచి ఆనిస్తూ కప్పండి, కింద బుడగ ఉండొద్దు. ఇక గొడుగు తీసేసి బండిని ఎండకు పెట్టండి. మన ఎండకు పావుగంట చాలు, మబ్బు పట్టి ఉంటే గంట పెట్టండి. ఎండ బయటి నుంచే తగలాలె. నడుమ ఉన్న పీవీబీ పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తది, కాబట్టి లోపలి నుంచి ఏ లైటు పెట్టినా లాభం లేదు.

చివరికి ప్లాస్టిక్ బిళ్ళ లేపి, బ్లేడును అద్దానికి నిటారుగా పట్టి పైన ఉబ్బిన రెజిన్‌ను గీకండి. బ్లేడు వాలిస్తే గుంతలో ఉన్నది కూడా లేచివస్తది. గోరు పెట్టి గీస్తే ఎక్కడా తట్టకుండా నున్నగా పోవాలె.

మచ్చ పూర్తిగా పోదు, ముందే చెప్తున్న. దోమ కుట్టినంత చుక్క మిగులుతది, తెలిసినోళ్లకే కనపడుతది. పగులు సాగకుండా ఆగుడే ఇక్కడ ఫలితం. ఒకసారి గట్టిపడ్డంక ఇంకా గాలి మిగిలి ఉందని మళ్లీ పోస్తే పోదు, అందుకే ఎండకు పెట్టకముందే తృప్తిగా చూసుకోండి.

నీళ్లు దిగుతున్నయా? ముందు ఎక్కడినుంచో కనుక్కోండి

జూన్‌ల మొదటి పెద్ద వానకు మ్యాట్ కింద తడి కనపడంగనే అందరూ సందులు మూసే సీలెంట్ ట్యూబు కొనుక్కొస్తరు. నేనూ కొన్న. అద్దం చుట్టూ మొత్తం పూసిన. మరునాటి వానకు మళ్లీ అంతే తడి. నీళ్లు వస్తున్నది అద్దంలోంచి కానే కాదు.

అందుకే ముందు అవతలి దొంగలను పట్టుకోండి. మొదటిది ఏసీ. వాన లేని రోజుల్లో కూడా ముందు సీటు ఎడమవైపు కాళ్ల దగ్గర తడి ఉంటే, ఏసీ నడుస్తున్నప్పుడు బండి కింద నీటి చుక్కలు పడుతున్నయా చూడండి. పడకపోతే ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయి లోపలికే కారుతున్నట్టు. తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), మెకానిక్ దగ్గరికి పోవాలె.

రెండోది, నన్ను మోసం చేసింది, వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ. దాని కింద వాన నీళ్లు పోయే కాలువ ఉంటది. వేపచెట్టు కింద బండి పెట్టేటోళ్లకు ఎండాకాలం రాలిన ఆకు, పూత అంతా అందులో చేరి తొట్టిలెక్క నిండుతది. వాన నీళ్లు పోయే దారి లేక ఏసీ గాలి పీల్చే సందులోంచి లోపలికి దిగుతయి. బోనెట్ ఎత్తి రెండు మూలలా చెయ్యి పెట్టి చూడండి. నేను తీస్తే సగం బకెట్ నల్లటి ఎరువు వచ్చింది. శుభ్రం చేసినంక చెంబుతో నీళ్లు పోస్తే ముందు టైరు వెనకనుంచి వెంటనే బయటికి పోవాలె. సన్‌రూఫ్ ఉన్న బండికి దాని నాలుగు మూలల సన్నగొట్టాలూ చూడాలె.

ఇవేవీ కాకపోతేనే అద్దం అంచు. పరీక్షకు ఇద్దరు కావాలె. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట పైపుతో. ధారను ఉరవడిగా కొట్టకండి, మెల్లగా పారనియ్యండి. కింది అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట ఐదు నిమిషాలు పోస్తూ పైకి పోండి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు చుట్టూ కారి ఎక్కడ దిగిందో అంతుపట్టదు. నీళ్లు దిగేది ఒక చోట, కనపడేది ఇంకో చోట, ఇది మరిచిపోవద్దు. పై మూలన దిగిన చుక్క లోపలి రేకు వెంబడి పాకి మ్యాట్ దగ్గర తేలుతది. లోపలి అంచు పొంటి ముఖానికి పూసుకునే పౌడరు చల్లి ఉంచితే నీటి చాలు దాని మీద గీత గీసి చూపిస్తది.

పైపు లేకుండా ఇంకో ఉపాయం ఉంది. కిటికీలన్నీ మూసి, బయటి గాలి లోపలికి తీసుకునే మోడ్‌లో ఫ్యాను ఫుల్లు పెట్టండి. బయట అద్దం చుట్టూ సబ్బు నురగ నీళ్లు బ్రష్‌తో పూయండి. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే, సందు ఉన్నచోట బుడగలు లేస్తయి. ఆ చోట స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి.

సందుకు మందు

పాత జీపులు, లారీలు, అంబాసిడర్‌లాంటి బండ్లకు అద్దం చుట్టూ మందంగా రబ్బరు బీడింగ్ ఉంటది. అద్దాన్ని పట్టుకునేది ఆ రబ్బరే. దాన్ని వేలితో వంచి చూడండి. మన ఎండలకు ఎండి నెర్రెలు బారి ఉంటే ఏం పూసినా నిలవదు, రబ్బరు మార్చాలె. ఇంకా మెత్తగా ఉంటే పని సులువు. ప్లాస్టిక్ చెక్కతో రబ్బరు పెదవిని కొద్దిగ లేపి, లోపలి మట్టి తీసి, తుడిచి ఆరబెట్టండి. అద్దం మీదా రేకు మీదా మాస్కింగ్ టేపు వేసుకుని, గట్టిపడకుండా మెత్తగనే ఉండే నల్ల బీడింగ్ సీలెంట్‌ను సన్న మూతి గన్నుతో రబ్బరు కిందికి నింపండి. అద్దానికి రబ్బరుకు నడుమ ఒకసారి, రబ్బరుకు రేకుకు నడుమ ఒకసారి. పెదవి నొక్కి, బయటికి వచ్చింది తుడిచి, టేపు వెంటనే లాగేయండి. నిగనిగలాడాలెనని రబ్బరుకు కొబ్బరినూనె, గ్రీజు, కిరోసిన్ పూసే అలవాటుంటే మానుకోండి, నూనెకు రబ్బరు ఉబ్బి వదులైతది.

ఈ రకం అద్దం బిగించేటప్పుడు చూస్తే ముచ్చటేస్తది. రబ్బరును ముందు అద్దానికి తొడిగి, దాని గాడిలో చుట్టూ నైలాన్ తాడు పెడతరు. సబ్బునీళ్లు రాసి బయటినుంచి ఒకరు అద్దాన్ని అరచేతులతో అదిమి పడితే, లోపల కూర్చున్నాయన తాడు కొసలు లాగుతడు. తాడు వచ్చినకొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు మీదికి ఎక్కి కూర్చుంటది.

ఇప్పటి కార్లకు ఆ రబ్బరు లేదు. పైన కనపడే సన్న బీడింగ్ అలంకారానికే. అద్దాన్ని పట్టుకునేది లోపల ఉన్న పాలీయురథేన్ జిగురు, షాపుల పీయూ అంటరు. బండి బోల్తా పడితే పైకప్పు నిలవడానికి, ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఆనుకోవడానికి ఈ అతుకే ఆధారం. ఒకే చోట చిన్న సందు ఉండి, తుప్పు లేకపోతే, బీడింగ్ లేపి, శుభ్రంగా ఆరబెట్టి, పీయూ సీలెంట్ నింపవచ్చు. చేత్తో నొక్కితే అద్దం కదిలినా, స్పీడులో ఈలలాంటి శబ్దం వచ్చినా, అంచున తుప్పు కనపడినా మీరు ముట్టకండి. అద్దం కోసి తీసి మళ్లీ బిగించాలె.

సిలికాన్ మాత్రం పూయకండి, పూయనియ్యకండి. బాత్రూంలకు వాడే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌లోంచి వెలువడే ఆమ్లం రేకును తుప్పు పట్టిస్తది. దాని జిడ్డు మిగిలితే రేపు అసలు పీయూ కూడా అంటుకోదు. నా పాత బండికి ఒక షెడ్డుల ఇట్లనే సిలికాన్ రాసి పైసలు తీసుకున్నరు. రెండేండ్లకు అద్దం తీస్తే కింద రేకు జల్లెడ.

మార్చక తప్పకపోతే

షాపుకు పోయినప్పుడు దగ్గర నిలబడి చూడండి, నామోషీ పడొద్దు. కొత్త అద్దం మూలన ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే అంకె అచ్చయి ఉండాలె. పాత జిగురును రేకు దాకా గీకకుండా పలచటి పొర ఉంచి కోయాలె, దాని మీదే కొత్తది పూయాలె. రేకు మీద గీత పడితే ప్రైమర్ (జిగురుకంటే ముందు పూసే పూత) వేయాలె. అద్దం చుట్టూ నల్ల అంచు, దాని పక్క నల్ల చుక్కలు ఉంటయి కదా, అది షోకు కాదు, జిగురుకు ఎండ తగలకుండా కాపాడే గొడుగు. ఆ అంచుకు కూడా ప్రైమర్ పట్టించాలె. జిగురు ట్యూబు గడువు తేదీ అడిగి చూడండి.

పీయూ గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతది. మే నెల పొడి గాలిలో ఆలస్యం, వానకాలంల తొందర. బండి ఎన్ని గంటలకు కదపొచ్చో ట్యూబు మీద రాసి ఉంటది, అంతసేపు అక్కడే ఉంచండి. ఇంటికి తెచ్చినంక ఒకరోజు ఒక కిటికీ అంగుళం దించి పెట్టండి, డోరు వేసినప్పుడు గాలి అద్దాన్ని నెట్టకుండా. అంటించిన టేపులు ఒకరోజు ఉంచండి. రెండు మూడు రోజులు ప్రెషర్ వాష్ వద్దు. పనిలో పనిగా నల్ల ఫిల్మ్ వేస్తమంటే వద్దనండి. ముందద్దంలోంచి 70 శాతం వెలుగు పోవాలెనని నిబంధన, 2012లో సుప్రీంకోర్టు ఫిల్ములు వద్దని చెప్పింది.

ఇన్సూరెన్స్ సంగతికొస్తే, థర్డ్ పార్టీ పాలసీకి అద్దం రాదు. కాంప్రహెన్సివ్ అయితే గాజుకు తరుగుదల కోయరు గానీ, 1500 సీసీ లోపు బండికి 1000 రూపాయలు, అంతకు మించితే 2000 మీరే పెట్టుకోవాలె. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏండ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతది. అది 20 శాతంతో మొదలై 50 దాకా పోయేది. మాట వరసకు అద్దం 6000 అనుకుంటే మీకు వచ్చేది 5000. బోనస్ కింద వచ్చే ఏడు 4000 తగ్గేది ఉంటే, మిగిలేది వెయ్యి, పైగా బోనస్ మళ్లీ మొదటి నుంచి. కాయితం మీద లెక్క వేసుకుని అడుగు వేయండి.

ఫాస్టాగ్ పాత అద్దంతోనే పోతది. పీకితే చినిగి పనిచేయకుండా అయ్యేటట్టే దాన్ని తయారు చేసిన్రు. అద్దం మార్చే ముందే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు చెప్పి కొత్తది తెప్పించి పెట్టుకోండి. మా బామ్మర్ది మరిచిపోయిండు. మెరిసిపోయే కొత్త అద్దంతో సూర్యాపేటకు బయలుదేరి కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర ఆగి, "బావా, స్టిక్కరు పాతద్దం మీదనే ఉండిపోయిందే" అని ఫోన్ చేసిండు. వెనక లారీ హారన్లు వినపడుతనే ఉన్నయి. రెట్టింపు కట్టి పోయిండు.